హార్డ్ సైడర్ రుచి చూడటం ఎలా: వర్జీనియాలో ఒక శనివారం

అక్టోబరులో యాపిల్ తోటకి వెళ్లి పిల్లలకు వేడి డోనట్లు, గ్లాసుల్లో గోధుమరంగు యాపిల్ రసం కొనిపెట్టే ఉంటారు. అమెరికాలో యాపిల్ సైడర్ అంటే అదే. సరిగా వడకట్టని తాజా రసం, అందులో మత్తు ఉండదు. అదే రసాన్ని ఈస్ట్‌తో పులియబెడితే హార్డ్ సైడర్ అవుతుంది. అది మద్యం. ఇంగ్లండ్‌లో ఉన్న మీ తమ్ముడు ‘సైడర్ తాగాను’ అన్నాడంటే మద్యం తాగాడనే అర్థం, అక్కడ ‘హార్డ్’ అనే మాట అక్కర్లేదు. ఇక వంటింట్లో ఉండే యాపిల్ సైడర్ వెనిగర్ మూడోది. పులిసిన సైడర్‌కి గాలి తగలనిస్తే వేరే రకం సూక్ష్మజీవులు చేరి దాన్ని వెనిగర్‌గా మారుస్తాయి. ముందు ఈ మూడింటి తేడా తెలిస్తే బోర్డు చూసి లోపలికి వెళ్లాలా వద్దా అన్నది తేలిపోతుంది.

నేనుండేది ఉత్తర వర్జీనియాలో. ఇక్కడ మనవాళ్లు వైనరీలకి వెళ్తారు, బ్రూవరీలకి వెళ్తారు, హార్డ్ సైడర్ చేసి పోసే సైడర్ హౌస్‌ని మాత్రం దాటి వెళ్లిపోతారు. ‘అదేదో తియ్యటి కూల్‌డ్రింకు లాంటిది కదా’ అంటారు. సూపర్‌మార్కెట్ క్యాన్లు తాగితే నిజంగా అలాగే అనిపిస్తుంది. కానీ మంచి సైడర్ రుచి చూడటానికి తెలుగువాళ్ల నాలుక అన్నివిధాలా సిద్ధంగా ఉందని నా గట్టి నమ్మకం. ఆ మాట వివరంగా తర్వాత చెప్తాను, ముందు ప్రయాణం సంగతి చూద్దాం.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి

అక్టోబరు శనివారాలు అన్నిటికంటే రద్దీ. పాటలు, పిల్లలు, కుక్కలు, పార్కింగ్ కోసం తిరగడం. సరదాకి బాగుంటుంది గానీ, గ్లాసులో పోసేవాళ్లకి మీతో రెండు నిమిషాలు మాట్లాడే తీరిక ఉండదు. రుచి తెలుసుకోవాలని వెళ్తున్నారు కాబట్టి మాట్లాడే మనిషి కావాలి. కోతలు ఆగస్టులో మొదలై నవంబరు దాకా సాగుతాయి. రసం తీసి పులియబెడితే, నెమ్మదిగా చేసేవాళ్ల దగ్గర కొత్త సైడర్ వసంతానికి గానీ సిద్ధం కాదు. అందుకే నా ఓటు మార్చి, ఏప్రిల్ నెలలకి. జనం తక్కువ, కొత్త సీసాలు అప్పుడే బయటికి వస్తుంటాయి, ఏప్రిల్ చివరైతే తోటలో పూత కూడా చూడొచ్చు. అది కుదరకపోతే నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి ముందు వెళ్లండి. ఆ రోజుల్లోనే వర్జీనియాలో సైడర్ వీక్ జరుపుతారు.

ఎక్కడికి అంటే, షార్లట్స్‌విల్ చుట్టుపక్కలకి. వాషింగ్టన్ వైపు నుంచి రెండు గంటలకు పైనే పడుతుంది. ఆ ప్రాంతానికి యాపిల్‌తో పాత బంధం. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో అక్కడే ఉంది. ఆయన తన తోటలో సైడర్ కోసమే యాపిల్ చెట్లు పెంచాడు. భోజనంతో తాను తాగేది బీరూ సైడరూ అని 1819లో ఒక డాక్టరుకి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఇవాళ ఆ చుట్టుపక్కలే నార్త్ గార్డెన్‌లో ఆల్బెమార్ల్ సైడర్‌వర్క్స్ ఉంది, పాతకాలపు యాపిల్ రకాలంటే అక్కడి వాళ్లకి ప్రాణం. కెస్విక్‌లోని కాజిల్ హిల్ వాళ్లు జార్జియా దేశపు పద్ధతిలో నేలలో పాతిన పెద్ద మట్టి కాగుల్లో కొంత సైడర్ పులియబెడతారు. పాటర్స్ క్రాఫ్ట్ సైడర్ వాళ్ల టేస్టింగ్ రూమ్ ఒక పాత రాతి చర్చి భవనంలో ఉంది. ఎక్కడికైనా సరే, వెళ్లేముందు వేళలు చూసుకోండి, చలికాలంలో చాలాచోట్ల వారంలో కొన్ని రోజులే తెరుస్తారు.

మీ ఊరు వేరైతే దగ్గర్లోని సైడర్ హౌస్‌ని ఎంచుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. వాళ్ల మెనూ తెరిచి చూడండి. ఏ సైడర్‌లో ఏ యాపిల్ వాడారో పేర్లు రాశారా? రాస్తే వెళ్లండి. మామిడిపండు రసం పోస్తూ అది బంగినపల్లో రసాలో చెప్పలేనివాళ్ల దగ్గర మనం కొంటామా? ఇదీ అంతే. మెనూ నిండా పైనాపిల్, బ్లూబెర్రీ, గుమ్మడికాయ మసాలా తప్ప యాపిల్ పేరే లేదంటే ఇంకోచోటు వెతుక్కోండి.

బయల్దేరే ముందు

మొదట తేల్చుకోవలసింది బండి ఎవరు నడుపుతారన్నది. ‘కాస్త రుచి చూడటమే కదా’ అనుకోవద్దు, లెక్క వేసి చూడండి. టేస్టింగ్ రూమ్‌లో ‘ఫ్లైట్’ అడిగితే ఒక చెక్క పలక మీద చిన్న గ్లాసులు వరసగా పెట్టి ఇస్తారు. మామూలుగా నాలుగు ఉంటాయి, ఒక్కోదానిలో 3 నుంచి 4 ఔన్సులు. నాలుగేసి ఔన్సులనుకుంటే మొత్తం 16 ఔన్సులు. సైడర్ 7 శాతమైతే అందులో అసలు ఆల్కహాల్ 1.1 ఔన్సుల పైన. అమెరికాలో ఒక ‘స్టాండర్డ్ డ్రింక్’ అంటే 0.6 ఔన్సులు, అంటే 5 శాతం బీరు 12 ఔన్సుల క్యాను. ఆ లెక్కన ఒక్క ఫ్లైట్ దాదాపు రెండు బీర్లతో సమానం. ఇద్దరు వెళ్తే ఒకే ఫ్లైట్ తీసుకుని పంచుకోండి, నడిపేవాళ్లు దాన్ని కూడా ముట్టుకోవద్దు.

వీసా మీద ఉన్నవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు ఏదీ తేల్చకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా రద్దు చేయవచ్చు. 2015 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఒక మధ్యాహ్నం సరదా కోసం అంత టెన్షన్ ఎవరికీ వద్దు.

21 నిండినట్టు చూపించే ఐడీ అసలుది వెంట ఉంచుకోండి. స్టేట్ లైసెన్స్ లేనివాళ్లు పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మీతో ఉంటే వాళ్ల పాస్‌పోర్టులు కూడా. తల నెరిసినవాళ్లని కూడా అడిగే చోట్లు ఉన్నాయి. తాగని పెద్దవాళ్లని, పిల్లలని తీసుకెళ్లడానికి మొహమాటపడక్కర్లేదు. చాలాచోట్ల బయట బల్లలు, పచ్చిక, కొండలు కనపడే చోటు ఉంటాయి, పులియబెట్టని రసం కూడా దొరుకుతుంది. వచ్చినవాళ్లని ‘ఒక్క గుటక వేసి చూడండి’ అని మాత్రం బలవంతం చేయొద్దు.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. బయటి తిండి తెచ్చుకోనిస్తారో లేదో ఫోన్ చేసి అడగండి. తినే వెళ్తాం అనుకుంటే సాదాగా ఏదైనా తినండి. ఆవకాయ, వక్కపొడి, పుదీనా బిళ్లలు, టీ ఒక గంట ముందు నుంచే మానేయండి. ఆరోజు సెంటు కొట్టుకోకండి. సైడర్‌లో సగం విషయం వాసనలోనే ఉంది, మీ సెంటు మీదొక్కటే కాదు, పక్కవాళ్ల గ్లాసు కూడా పాడుచేస్తుంది.

శాకాహారులకి ఒక మాట. సైడర్ తేటగా రావడానికి కొందరు జెలటిన్ గానీ, చేప నుంచి తీసే ఐసింగ్లాస్ అనే పదార్థం గానీ వాడతారు. తర్వాత అది అడుక్కి దిగిపోతుంది గానీ, పట్టింపు ఉన్నవాళ్లకి ముందే తెలియాలి. ‘వీగనా?’ అని అడిగితే వెంటనే చెప్తారు. అడగడానికి సిగ్గుపడవద్దు, వాళ్లకి ఇది రోజూ వినే ప్రశ్నే.

వగరు అనే మాట జేబులో పెట్టుకోండి

గాలా, ఫూజీ, హనీక్రిస్ప్ లాంటి తినే యాపిల్స్‌లో తీపి ఉంటుంది, కొంచెం పులుపు ఉంటుంది. వాటితో సైడర్ చేస్తే ఈస్ట్ ఆ తీపినంతా తినేస్తుంది, మిగిలేది పలచటి పుల్లనీళ్లు. అందుకే చాలా కంపెనీలు మళ్లీ పంచదార కలుపుతాయి. సైడర్ కోసమే పెంచే యాపిల్స్ వేరు. వాటిలో చాలా రకాలు పచ్చిగా తినలేం.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర లాంగ్ యాష్టన్‌లో 1903లో ఏర్పడిన పరిశోధనా కేంద్రం ఈ యాపిల్స్‌ని నాలుగు జాతులుగా విడదీసింది. పులుపు 0.45 శాతం, వగరు పుట్టించే టానిన్ అనే పదార్థం 0.2 శాతం అనేవి గీతలు. రెండూ తక్కువైతే స్వీట్. పులుపు ఒక్కటే ఎక్కువైతే షార్ప్. టానిన్ ఒక్కటే ఎక్కువైతే బిటర్‌స్వీట్. రెండూ ఎక్కువైతే బిటర్‌షార్ప్. మెనూలో డాబినెట్ అని కనపడితే అది బిటర్‌స్వీట్, కింగ్‌స్టన్ బ్లాక్ అంటే బిటర్‌షార్ప్.

ఇక్కడే నాకు ఇంగ్లిష్ చాలలేదనిపిస్తుంది. వాళ్లు ‘బిటర్’ అన్నదాంట్లో చేదు కొంతే, అసలు సంగతి వగరు. టానిన్ మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోటిలోని జారుడుదనం తీసేస్తుంది, నాలుక బిగుసుకున్నట్టు అవుతుంది. ఆ పనికి తెలుగులో ఎంత చిన్నపిల్లాడికైనా తెలిసిన మాట ఉంది. నేరేడు పండు తిన్నాక నాలుకకి పట్టే వగరు వేరు, వక్క వగరు వేరు, అరటి పువ్వు వగరు వేరు, మామిడి పిందె వగరు వేరు. ఏటా ఉగాది పచ్చడిలో ఆరు రుచులనూ విడివిడిగా వెతుక్కుంటూ పెరిగినవాళ్లం. సైడర్ టేస్టింగ్ అంటే చాలావరకు ఆ పనే. వైన్ పుస్తకాల్లోంచి ‘లెదర్’, ‘ఫారెస్ట్ ఫ్లోర్’ లాంటి మాటలు అరువు తెచ్చుకోకండి. మీకు తెలిసిన పండు పేరు చెప్పండి.

నాకిది తెలిసింది ఒక మార్చి నెలలో, ఒక చిన్న సైడర్ హౌస్ కౌంటర్ దగ్గర. అంతకుముందు వెళ్లినప్పుడు నేను వరస తెలియక తియ్యటి సైడర్ ముందు తాగేశాను. దాని తర్వాత డ్రై సైడర్ తాగితే అచ్చం వెనిగర్‌లా అనిపించి గ్లాసు పక్కన పెట్టేశాను. రెండోసారి పోసే ఆవిడ గ్లాసుకి ముందు ఒక యాపిల్ ముక్క ఇచ్చింది. కోల్డ్ స్టోరేజ్‌లో దాచిన కాయ, తొక్క ముడతలు పడి ఉంది. కొరకగానే తీపి, మరుక్షణం నాలుక మీద ముతక గుడ్డ పరిచినట్టు అయిపోయింది. బుగ్గలు లోపలికి లాగేశాయి. అప్పుడు అదే కాయతో చేసిన సైడర్ పోసింది. తీపి పోయింది, వగరు మాత్రం మెత్తబడి, నేరేడు పండు తిన్న చాలాసేపటికి నోట్లో మిగిలేంత మాత్రంగా ఉంది. ఆవిడ ఏమనిపించిందని అడిగితే ఇంగ్లిష్‌లో మాట దొరక్క, ‘మా ఊళ్లో నల్లటి చిన్న పండు ఒకటి ఉంటుంది’ అని మొదలుపెట్టి నేరేడు చెట్టు కింద వాడిన పళ్ల దాకా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, పేరు స్పెల్లింగ్ అడిగి రాసుకుంది.

కౌంటర్ దగ్గర

ఫ్లైట్ వచ్చాక వరస మీరే చూసుకోండి. డ్రై నుంచి తీపికి, తేలిక నుంచి గాఢానికి. డ్రై అంటే తీపి మిగలనిది, సెమీ డ్రై అంటే కాస్త మిగిలినది. పళ్లు, హాప్స్ (బీరులో వేసే చేదు పూలు), అల్లం కలిపినవి ఉంటే చివరికి. ఐస్ సైడర్ ఉంటే అన్నిటికంటే చివర. అది కెనడాలోని క్విబెక్‌లో పుట్టింది. రసాన్ని గడ్డకట్టించి నీటిని వేరుచేసి, మిగిలిన చిక్కటి పాకం లాంటి రసాన్ని పులియబెడతారు. పానకమంత తియ్యగా ఉంటుంది, పులుపు మాత్రం గట్టిగా నిలబడుతుంది. చాలా కొద్దిగానే పోస్తారు, అది చాలు.

మొదటి ఫ్లైట్‌లో కనీసం రెండు గ్లాసులు, ఒక్కోటీ ఒకే రకం యాపిల్‌తో చేసినవి, ఉండేలా అడగండి. వర్జీనియాలో ఉన్నారు కాబట్టి హ్యూస్ క్రాబ్ ఉందేమో చూడండి. పెద్ద ఉసిరికాయంత కాయ, జెఫర్సన్ తోటలో పెరిగిన రకం. యాపిల్ గింజ నాటితే తల్లి లాంటి కాయ రాదు, మన బంగినపల్లిలాగే అంటు కట్టాలి. కాబట్టి మీ గ్లాసులో ఉన్నది రెండు వందల ఏళ్లకు పైగా ఎవరో ఒకరు కొమ్మ కోసి అంటు కడుతూ వచ్చిన చెట్టు రసం. అలా కట్టేవాళ్లు లేక కనుమరుగైన రకాలు ఎన్నో. న్యూజెర్సీలో ఒకప్పుడు సైడర్‌కి పేరుపొందిన హారిసన్ అనే యాపిల్ ఇక లేదనుకున్నారు. 1976లో లివింగ్‌స్టన్‌లో ఒక పాత చెట్టు దొరికింది. ఇప్పుడు దాని అంట్లు దేశమంతా ఉన్నాయి. ఎడిసన్‌లో ఉండే మనవాళ్లకి అది ఇంటి పక్క కథ.

ఇక తాగడం. గ్లాసు కాడ పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూడండి. మబ్బుగా ఉంటే చెడిపోయిందని కాదు, వడకట్టలేదని. ముందు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి, తర్వాత గ్లాసు కాస్త తిప్పి మరోసారి. మరీ చల్లగా ఉంటే వాసన రాదు, అరచేతుల మధ్య రెండు నిమిషాలు పట్టుకోండి. మొదటి గుటక నోరు కడుక్కోవడానికే అనుకోండి, దాన్నిబట్టి ఏమీ తేల్చకండి. రెండో గుటక నోట్లో అన్ని వైపులా తిప్పి, మూడు నాలుగు సెకన్లు ఉంచి మింగండి. అప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తీపి ఎంత మిగిలింది? దవడల పక్కన నీళ్లు ఊరుతున్నాయా? ఊరితే పులుపు ఉన్నట్టు. నాలుక మీద, చిగుళ్ల మీద పొడిబారిందా? అది వగరు. చేదు వేరు, దాన్ని వగరుతో కలపకండి. చివరగా, మింగాక పది లెక్కపెట్టే దాకా ఏమైనా మిగిలిందా చూడండి. మంచి సైడర్‌కి ఆ పది తర్వాత కూడా మాట ఉంటుంది.

కొన్ని వాసనలు మొదట కంగారు పెడతాయి. పశువుల కొట్టం వాసన, తోలు వాసన వస్తే అది అడవి ఈస్ట్ పని, కొందరు కావాలనే రానిస్తారు. ఇష్టపడాలని రూలేమీ లేదు. గోళ్లరంగు తుడిచే ద్రవం వాసన గుప్పుమంటే మాత్రం అది లోపమే. వెనిగర్ ఘాటు కూడా అంతే. పక్కన పెట్టి, మర్యాదగా ఇంకో సీసా తెరవగలరా అని అడగండి.

గ్లాసు ఖాళీ చేయాల్సిన పనిలేదు. పారబోయడానికి ఒక గిన్నె పెడతారు, నిస్సంకోచంగా వాడండి. అన్నం పారేయకూడదని పెరిగిన మనకి చెయ్యి రాదు, తెలుసు. అయినా అక్కడ అదే మర్యాద. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్లు తాగండి, ఉప్పులేని బిస్కెట్ ఒకటి తినండి. ఒక చిన్న పుస్తకంలో తెలుగులోనే రాసుకోండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: ‘హ్యూస్ క్రాబ్. డ్రై. పులుపు చింతచిగురు లాంటిది, చింతపండు కాదు. వగరు తక్కువ. మింగాక దాల్చినచెక్క.’ ఏడాది తర్వాత చదివినా ఆ రుచి తిరిగి వస్తుంది.

పోసేవాళ్లని తప్పక అడగవలసినవి: ఇది ఏ యాపిల్? కాయ మీ తోటదేనా? ఎన్నాళ్లు పులియబెట్టారు? పంచదార కలిపారా, సహజంగా మిగిలిన తీపేనా? నాలుగో ప్రశ్నకి వాళ్లు ఆగకుండా జవాబు చెప్తే మంచి చోటికే వచ్చారు. టిప్ డబ్బులు మర్చిపోకండి.

సీసా కొనుక్కుంటే

నచ్చింది ఒకటే కొనండి, అదీ ఆరోజు తాగినదే. కారులో మూత తీసిన సీసా ఉండకూడదు, కొన్నది డిక్కీలో పెట్టండి. వేసవిలో కారులో వదిలేయొద్దు. సీసాలోనే పులిసి గ్యాస్ పట్టే రకాలు వేడికి పగలవచ్చు కూడా. ఇంట్లో నిలబెట్టి దాచండి, అడుగున మడ్డి ఉంటే కదపకుండా వంపండి.

మన భోజనంతో కుదురుతుందా అంటే, కుదురుతుంది, ఒక్క జాగ్రత్త. వగరు ఎక్కువున్న సైడర్ కారాన్ని ఇంకా మండిస్తుంది. గోంగూర మాంసం, మిర్చి బజ్జీలాంటి వాటికి కాస్త తీపి మిగిలిన సెమీ స్వీట్ తీసుకోండి. పులుపు పదునుగా ఉన్న డ్రై సైడర్ గారెలు, వేయించిన చేపల నూనెని చక్కగా తెంపుతుంది. పప్పూ నెయ్యీ అన్నంతో నేను ప్రయత్నించాను, రెండూ చెడ్డాయి.

తెరిచిన సీసా రెండు రోజుల్లో అయిపోవాలి. మిగిలిపోతే పారబోయకండి. వెడల్పు మూతి గాజు జాడీలో పోసి, మదర్ (వెనిగర్ చేసే సూక్ష్మజీవుల తెట్టు) ఉన్న యాపిల్ సైడర్ వెనిగర్ అందులో నాలుగో వంతు కలిపి, పలచటి బట్ట కట్టి, ఎండ పడని వెచ్చటి మూల పెట్టండి. కొన్ని వారాలకి వాసనే చెప్తుంది. పాడవకుండా కలిపే సల్ఫైట్ ఎక్కువ వేసినదైతే ఇంకా ఆలస్యమవుతుంది, ఓపిక పట్టండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ ముక్కల మీద అది పోసి, ఉప్పు వేసి, అరగంట ఆగి పెరుగన్నంలో నంజుకోండి.